కళ్లు చీకట్లు కమ్ముట, తల తిరుగుట, తూలుట

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘమువారి సభలో పద్యమో, పాటయో, నాటకమో ఉండవలెను గాని, మూత్రపిండముల వ్యాధిని గూర్చియు చెవిని గూర్చియు ప్రసంగమేల అని కొందరికి తోచవచ్చును. కాని నేను చెప్పదలచినది ఒక విధముగా మన భాషను గూర్చియే. డయాలిసిస్ చేయించుకొనుచున్న రోగి ఇంటికి వచ్చి గోడ పట్టుకొని నిలుచుండును. ఏమైనదని అడిగినచో తనకు తోచిన మాట ఏదో ఒకటి చెప్పును. ఇంటివారు దానిని నీరసమని త్రోసివేయుదురు. నిజమునకు ఆ నీరసమను మాట క్రింద నాలుగైదు వేర్వేరు బాధలు దాగియుండును. వాటి కారణములు వేరు, చికిత్సలు వేరు. తెలుగు భాషలో వాటికి పేర్లు కూడ వేర్వేరుగా ఉన్నవి. రోగి తన నోట పలికిన మాట చెడకుండ వైద్యుని చెవిని పడినచో సగము రోగనిర్ణయము జరిగినట్లే. ఆ మాట నడుమ పోయినచో రోగి ఒకనాడు పడిపోవును. డయాలిసిస్ రోగికి పడుట ఎంత ప్రమాదమో ముందు ముందు మనవి చేసెదను.

ఒక ఊరిని మనస్సులో ఉంచుకొని ఈ విషయము చెప్పెదను. ఆ ఊరు కిష్టారము. పూర్వపు బస్తరు జిల్లా దక్షిణపు కొసను, అడవుల నడుమ, తెలంగాణ సరిహద్దునకు చేరువగా ఉన్నది. బస్తరు నుండి 1998లో దంతెవాడ జిల్లాయు, దంతెవాడ నుండి 2012లో సుక్మా జిల్లాయు ఏర్పడుటచే, నేడది ఛత్తీసుగఢ రాష్ట్రమున సుక్మా జిల్లాలోనిది. కాకతీయ వంశీయుడని చెప్పబడు అన్నమదేవుడు ఓరుగల్లు నుండి వెడలి రాజ్యము స్థాపించినది బస్తరులోనే. కావున ఆ నేలకును మనకును సంబంధము నేటిది కాదు. ఆ సరిహద్దున నివసించు కోయల పలుకులోను, దోర్లల పలుకులోను తెలుగు మాటలు మెండుగా వినవచ్చును. మన ఉద్యోగులలో కొందరికి ఆ ఊరి పేరు వేరొక కారణమున తెలిసియుండును. 2018 మార్చి 13వ తేదీన ఆ ప్రాంతమున మందుపాతర ప్రేలి, కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు చెందిన తొమ్మండుగురు అసువులు బాసిరి.

అట్టి ఊరినుండి ఒక మూత్రపిండముల రోగి డయాలిసిస్‌కై బయలుదేరెననుకొందము. ఇటు వచ్చినచో చర్ల మీదుగా భద్రాచలము; అటు పోయినచో సుక్మా, జగదల్‌పూరు. ఇటు అతని మాట వైద్యునకు తెలియును. అటు హిందీయో, హల్బీయో, గోండీయో వినబడును. అతడు చెప్పునది మరియొకరి నోట మారి వైద్యుని చేరును. ఎటు పోయినను, రక్తము శుద్ధియైన నాటి సాయంకాలము అడవిబాటను, వాగు గట్టును, గుంతల దారిని నడచి ఇల్లు చేరవలెను. నగరములో లిఫ్టు దిగి కారెక్కు రోగికి లేని పరీక్ష ఇతనికి ప్రతి వారమును రెండు మూడు పర్యాయములు కలుగును.

మూత్రపిండముల వ్యాధి తెలుగువారికి క్రొత్త మాట కాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము పేరు వినని వారుండరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో, కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ, దశాబ్దములుగా ఆ వ్యాధి ఇల్లిల్లును తాకినది. మధుమేహము గాని రక్తపుపోటు గాని లేనివారికి కూడ వచ్చుచున్న ఆ వ్యాధికి కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడినవి. ఛత్తీసుగఢములోనే గరియాబందు జిల్లా సుపేబేడ గ్రామము ఇట్టి దుఃఖమునకే పేరుపడినది. దేశమంతట బీదలకు ఉచితముగా డయాలిసిస్ లభింపజేయుటకై 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమము ఆరంభమైనది. యంత్రము దొరకుట పూర్వముకంటె సులభమైనది. యంత్రము విడిచిన తరువాత రోగి ఎట్లు నడచుచున్నాడను ప్రశ్న మిగిలియున్నది.

మొదట డయాలిసిస్ అన నేమో రెండు మాటలు. ఆరోగ్యవంతుని మూత్రపిండములు దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందు అధికభాగమును మరల రక్తమునకే ఇచ్చి, లీటరున్నర మాత్రము మూత్రముగా పంపును. ఈ పనిని యంత్రముచే చేయించి 1940ల నడుమ హాలెండు దేశమున రోగిని బ్రతికించిన మహానుభావుడు విలెం కోల్ఫ్. అమెరికాలోని సియాటిల్ నగరమున 1960లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు చేతి రక్తనాళములకు గొట్టము నిలిపియుంచు ఉపాయము కనుగొనుటతో, ఏండ్ల తరబడి డయాలిసిస్ చేయుట సాధ్యమైనది. మూత్రపిండములు దినమున 24 గంటలును చేయు పనిని యంత్రము వారమునకు రెండు మూడు దినములు, ఒక్కొక్క పర్యాయము నాలుగు గంటలలో ముగింపవలెను. ఆ నాలుగు గంటలలో దాదాపు 120 లీటర్ల శుద్ధిద్రవము యంత్రమున ప్రవహించును. రోగి శరీరమునుండి రెండు మూడు లీటర్ల నీరు బయటికి పోవును. ఇంత వేగముగా ఒంటిలో ఉప్పు, నీరు, మలినములు మారునపుడు కొన్ని అవయవములు తట్టుకొనలేకపోవుట సహజము. అట్టి వాటిలో చెవి యొకటి.

చెవికిని నిలకడకును సంబంధమేమి? మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడుట అందరును చూచినదే. ఇద్దరు చేతులు పెనవేసి గిరగిర తిరిగి ఒక్కసారిగా ఆగుదురు. ఆగిన తరువాత కూడ ఇల్లు, చెట్టు, ఆకాశము తిరుగుచున్నట్లే ఉండును. కారణము లోపలి చెవిలో ఉన్నది. అచ్చట వినికిడికి నత్తగుల్ల వంటి భాగమొకటి ఉన్నట్లే, నిలకడకు మూడు అర్ధవృత్తాకార నాళములును, వాటి మొదట రెండు చిన్న తిత్తులును ఉన్నవి. నాళములలో కొలది చుక్కల ద్రవము కలదు. తల తిరిగినపుడు ద్రవము వెనుకబడి, అచ్చటి సున్నితమైన రోమకణములను వంచును. తల ఆగినను ద్రవము వెంటనే ఆగదు. అందుచేత తిరుగుచున్నామను భ్రమ కొంతసేపు నిలుచును. తిత్తులలో సున్నపు రేణువులు ఒక మెత్తని పొరపై పరచుకొని, క్రిందేదో పైయేదో, ముందునకు పోవుచున్నామో లేదో తెలుపును. ఈ నాళముల పనితీరును పరీక్షించు పద్ధతిని, చెవిలో గోరువెచ్చని నీటిని, చల్లని నీటిని పోసి, కనుగొనిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

అయితే నిలకడ చెవి ఒక్కదాని పని కాదు. మెదడు ముగ్గురు సాక్షులను అడిగి నిర్ణయించును. ఒకరు కన్నులు, రెండవవారు లోపలి చెవి, మూడవవారు పాదముల స్పర్శ, కీళ్ల ఎరుక. ఇద్దరు సాక్షులు సరిగా చెప్పినచో మూడవవాని లోపము అంతగా కనబడదు. ముగ్గురిలో ఇద్దరు మూగవోయినప్పుడే మనిషి తూలును. డయాలిసిస్ రోగి విషయమున ప్రత్యేకత ఇదియే. మధుమేహమువలన మూత్రపిండములు చెడినవానికి ఆ మధుమేహమువలననే కంటి వెనుక తెర చెడవచ్చును. రక్తమున పేరుకొనిన మలినములవలన పాదముల నరములు మొద్దుబారును. ఇక మిగిలిన సాక్షి చెవి. ఆ చెవి కూడ చెడినచో అతనికి నిలుచుటకు ఆధారమేమి?

మూత్రపిండమునకును చెవికిని దూరము ఎక్కువ కాని పోలిక కూడ ఎక్కువయే. రెండును ఉప్పును నీటిని వేరుచేసి నిలువచేయు యంత్రములు. లోపలి చెవిలోని అంతరలసిక అను ద్రవమున పొటాషియము ఎక్కువ, సోడియము తక్కువ. దాని చుట్టునున్న పరలసికలో ఇది తలక్రిందులు. ఆ తేడాయే చెవి విద్యుచ్ఛక్తికి మూలము. మూత్రపిండపు వడపోత పొరయు, చెవిలోని కొన్ని పొరలును ఒకే జాతి కొల్లాజను పోగులతో నేయబడినవి. ఆ పోగు జన్మతః చెడియుండు కుటుంబములలో మూత్రమున రక్తమును చెవుడును కలిసి వచ్చునని 1927లో సెసిల్ ఆల్పోర్ట్ అను వైద్యుడు వివరించెను. ఆ వ్యాధికి నేడతని పేరే ఉన్నది. ఆస్ట్రేలియాలో 50 ఏండ్లు దాటినవారిని పరీక్షించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, మూత్రపిండముల పని మధ్యరకముగా తగ్గినవారిలో నూటికి 54 మందికి వినికిడి లోపము కనబడినది. తగ్గనివారిలో 28 మందికి. వినికిడి భాగమును నిలకడ భాగమును ఒకే ద్రవము, ఒకే రక్తనాళము పోషించును. కావున ఒకటి చెడినచోట రెండవదానిని కూడ పరీక్షించుట వివేకము.

ఇప్పుడు మన మాటలకు వత్తము.

మొదటిది, "కళ్లు చీకట్లు కమ్మినవి" అనుట. దీనినే బైర్లు కమ్ముట అనియు అందురు. ఇది డయాలిసిస్ మంచమునుండి లేచినప్పుడు, లేక ఆ సాయంకాలము క్రింద కూర్చుండి నిలువబడినప్పుడు వచ్చును. పడుకొనినచో తగ్గును. ఇది చెవి జబ్బు కాదు. నీరు త్వరగా పోవుటచే రక్తపుపోటు పడిపోయి, మెదడునకు రక్తము చాలకపోవుటచే వచ్చునది. పడుకొన్నప్పుడు ఒకసారి, నిలువబడిన మూడు నిమిషములలోపల ఒకసారి రక్తపుపోటు చూచినచో, పై అంకె 20 గాని అంతకు మించి గాని తగ్గియుండును. దీనికి మందు వైద్యుని చేతిలోని లెక్కలో ఉన్నది. ఎంత నీరు తీయవలెను, రోగి అసలు బరువు ఎంత, రక్తపుపోటు మాత్ర ఏ వేళ వేయవలెను అను లెక్క అది. రోగి వంతు లెక్క కూడ కలదు. రెండు డయాలిసిస్‌ల నడుమ ఉప్పును, నీటిని మితముగా తీసికొనినచో, యంత్రము తీయవలసిన నీరు తగ్గును.

రెండవది, "తల గిర్రున తిరిగినది" అనుట. ఇక్కడ చీకటి కమ్మదు. ఒప్పులకుప్ప ఆడి ఆగినట్లు ఇల్లంతయు తిరుగును. మంచముపై ప్రక్కకు ఒత్తిగిలినప్పుడు, పై అటక మీది డబ్బాకై తల ఎత్తినప్పుడు వచ్చి, ఒక నిమిషములోపల పోయినచో, తిత్తిలోని సున్నపు రేణువు జారి నాళములో పడినదని అనుమానింపవచ్చును. ఎవరికైనను రాగల బాధ యిది. మాత్రలతో పోదు. తలను ఒక వరుసలో త్రిప్పి రేణువును స్వస్థానమునకు చేర్చు సులభోపాయమును జాన్ ఎప్లీ అను అమెరికా వైద్యుడు ప్రచారమునకు తెచ్చెను. నేర్చిన వైద్యుడు కొలది నిమిషములలో చేయగలడు. అట్లుగాక తిరుగుడుతోబాటు చెవిలో హోరు, చెవి నిండినట్లుండుట, వినికిడి తగ్గుట కూడ ఉన్నచో అది వేరు. డయాలిసిస్ సమయమున రక్తపు సాంద్రత వేగముగా మారుటచే చెవిలోని ద్రవము ఉబ్బునని శాస్త్రజ్ఞుల ఊహ. అట్టి రోగిని చెవి వైద్యునకు చూపవలెను.

మూడవది, "తల దిమ్ముగా ఉన్నది" అనుట. డయాలిసిస్ క్రొత్తగా మొదలిడిన దినములలో, యంత్రము నడచుచుండగా గాని ముగిసిన కొన్ని గంటలకు గాని తలనొప్పి, వికారము, కలత కలిసి వచ్చినచో, రక్తములోని మలినము మెదడులోని మలినముకంటె వేగముగా తగ్గుటచే మెదడు నీరు పీల్చుకొనినదని గ్రహింపవలెను. అందుకే మొదటి దినములలో డయాలిసిస్ తక్కువ వేగముతో, తక్కువ సేపు చేయుదురు. "పూర్తి నాలుగు గంటలు చేయలేదేమి?" అని ఇంటివారు కలహించుట తగదు.

నాలుగవది, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, "తూలుచున్నాను" అనుట. ఇక్కడ ఏదియు తిరుగదు, చీకటి కమ్మదు, కూర్చున్నంత సేపు బాధయే లేదు. పగలు గోడ చూచుకొనుచు నడచును. రాత్రి దీపమారినచో అడుగు పడదు. ముఖము కడుగుకొనుటకు కన్నులు మూసినచో ముందునకు తూలును. నడచునపుడు ఎదుటి బోర్డు మీది అక్షరములు ఎగిరెగిరి పడుచున్నట్లుండును. ఇట్టి రోగికి రెండు చెవుల నిలకడ యంత్రములును దెబ్బతిని యుండవచ్చును. పాదముల నరములు కూడ చెడి యుండవచ్చును. వారమునకు రెండు మూడు పర్యాయములు వైద్యుని ఎదుట పడుకొనియుండు రోగియే అయినను, ఈ బాధ మంచముపై కనబడదు. నడిపించి చూచినవారికే కనబడును.

చెవి యంత్రము రెండువైపుల పోయినచో బ్రతుకెట్లుండునో 1952లో అమెరికా వైద్యుడొకడు తన పేరు పొడి అక్షరములతో మాత్రమే తెలిపి వైద్యపత్రికలో వ్రాసెను. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షనులచే అతని నిలకడ యంత్రము నశించినది. పుస్తకము చదువవలెనన్నచో గుండె కొట్టుకొనుటవలన తల కదలి అక్షరములు అదరుచుండెడివి. తలను మంచపు ఇనుప కమ్మీల నడుమ ఇరికించి చదివెడివాడు. క్రమముగా కన్నులనే ఆధారము చేసికొని నడచుట నేర్చుకొనెను.

ఈ స్ట్రెప్టోమైసిన్ చరిత్ర తెలియదగినది. 1943లో అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ దీనిని కనుగొనెను. క్షయకు మొట్టమొదటి నిజమైన మందు ఇది. మన దేశమున లక్షల ప్రాణములను కాపాడినది. కాని అదియు, 1963లో వెలువడిన జెంటామైసినును చెవిలోని నిలకడ కణములకు శత్రువులు. అదే జాతికి చెందిన అమికాసిన్ వినికిడిని ఎక్కువగా చెరచును. చచ్చిన రోమకణము మనుష్యునిలో మరల మొలవదు. ఈ మందులన్నియు శరీరమునుండి పోవు మార్గము మూత్రపిండములే. ఆరోగ్యవంతుని రక్తమున జెంటామైసిన్ రెండు మూడు గంటలలో సగమగును. మూత్రపిండములు పనిచేయని వానిలో సగమగుటకు రెండు దినములకు మించి పట్టవచ్చును. ఆరోగ్యవంతునకు సరియైన మోతాదు ఇతనికి విషమగుట ఇందువలననే. ఒంటి వాపు తగ్గించుటకు వాడు ఫ్యూరోసిమైడ్ అధిక మోతాదున నరములోనికి వేగముగా ఎక్కించినచో చెవికి హాని చేయవచ్చును. జెంటామైసిన్ వంటి వాటితో కలిసినచో ఆ హాని మరింత పెరుగును.

కిష్టారము వంటి చోట్ల దీనికి మరియొక చిక్కు తోడగును. బస్తరు అడవులు మలేరియాకు పేరుపడినవి. దానిని తరిమివేయుటకు 2020లో ఆ ప్రాంతమున ఇంటింటి రక్తపరీక్షల ఉద్యమము మొదలైనది. ఫాల్సిపారమ్ జాతి మలేరియా మూత్రపిండములను హఠాత్తుగా దెబ్బతీయగలదు. అట్టివారికి కొన్నాళ్లు డయాలిసిస్ చేసినచో పెక్కుమందికి మూత్రపిండములు మరల కోలుకొనును. మలేరియాకు వాడు క్వినైను చెవిలో హోరును, తల తిరుగుటను కలిగించును. మందు ఆపినచో సాధారణముగా తగ్గును. ఇప్పుడు ప్రాణాంతకమైన మలేరియాకు క్వినైనుకు బదులు ఆర్టిసునేట్ ముందుగా వాడుచున్నారు. కావున జ్వరము వచ్చిన రోగికి తల తిరిగినచో, అది జ్వరమా, మందా, రక్తపుపోటా, చెవియా అను నాలుగు ప్రశ్నలును అడుగవలెను.

అందుచేత ఒక్క నియమము చెప్పెదను, ఇంటికి తీసికొనిపొండు. ఏ ఊరిలోనైనను, ఎవరి చేతనైనను ఇంజెక్షను వేయించుకొనుటకు ముందు, "నాకు డయాలిసిస్ జరుగుచున్నది, ఈ మందు చెవికి హాని చేయునా? మోతాదు దానికి తగినట్లు తగ్గించితిరా?" అని అడుగవలెను. ప్రాణము నిలుపుటకు ఆ మందే వేయవలసి రావచ్చును, అప్పుడు కాదనరాదు. రక్తములో మందు ఎంత నిలిచియున్నదో పరీక్షించుచు, మోతాదుకును మోతాదుకును నడుమ వ్యవధి పెంచి వేయుదురు. చికిత్స పొడుగునను చెవిని గమనింతురు. అడిగినవానికి ఈ జాగ్రత్త దొరకును. అడుగనివానికి ఒక్కొక్కప్పుడు దొరకదు.

పడుట ఎందుకు ప్రమాదమో ఇపుడు మనవి చేసెదను. డయాలిసిస్ సమయమున రక్తము యంత్రములో గడ్డకట్టకుండ హెపారిన్ ఇత్తురు. ఆ దినమున పడి తలకు దెబ్బ తగిలినచో, పైకి గాయము చిన్నదైనను లోపల రక్తము చిమ్మవచ్చును. మూత్రపిండముల వ్యాధిచే సున్నము, భాస్వరము తారుమారై ఎముకలు బలహీనమగుటచే తుంటి ఎముక తేలికగా విరుగును. ఫిస్టులా ఉన్న చేతిపై పడినచో జీవనాధారమైన ఆ నాళము మూసికొనిపోవచ్చును. పడిన రోగి వెంటనే లేచి నడచినను, ఆ రాత్రి తలనొప్పి, వాంతి, మగత కనబడినచో తెల్లవారు వరకు ఆగరాదు.

మరికొన్ని లక్షణములకు కూడ ఆగరాదు. మాట ముద్దగా వచ్చుట, మూతి వంకర పోవుట, ఒక చేయి పడిపోవుట, ఒకటి రెండుగా కనబడుట తల తిరుగుటతో కలిసినచో అది పక్షవాతము కావచ్చును. డయాలిసిస్ ఒక దినము తప్పినవానికి ఒళ్లు తూలి కాళ్లు పట్టు తప్పినచో, రక్తమున పొటాషియము పెరిగి గుండెకు ప్రమాదము సమీపించియుండవచ్చును. మధుమేహరోగికి చెమట పట్టి కళ్లు తిరిగినచో రక్తములో చక్కెర పడిపోయినదేమో వెంటనే చూడవలెను.

నిత్యము చేయదగిన పనులు చిన్నవి. డయాలిసిస్ ముగిసిన వెంటనే దిగక, కాళ్లు వ్రేలాడవేసి కొన్ని నిమిషములు కూర్చుండి లేవవలెను. రోగిని పట్టుకొను వారు ఫిస్టులా లేని చేతి వైపున నిలువవలెను; చేతికఱ్ఱ కూడ ఆ చేతనే ఉండవలెను. ఇంటి నుండి దొడ్డి వరకు రాత్రి దీపముండవలెను. దీపము లేని దారిని టార్చి లేక కదలరాదు. వెడల్పు మడమ గల చెప్పులు, వెనుక పట్టీ కలవి, ధరింపవలెను. వాగు దాటవలసి వచ్చినచో తోడు లేక దాటరాదు. వైద్యుడు పరీక్షించి చెవి లోపమని తేల్చినచో, చూపు ఒకచోట నిలిపి తల మెల్లగా త్రిప్పుట, దగ్గరి వస్తువును దూరపు వస్తువును మార్చి మార్చి చూచుట మొదలగు వ్యాయామములు నేర్పుదురు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనువారు ఇట్టివి రూపొందించిరి. మందు లేని చోట మెదడు తానే నేర్చుకొను శక్తి కలది; దానికి అభ్యాసము కావలెను. ఈ వ్యాయామములు డయాలిసిస్ లేని దినమున, ఆనుకొనుటకు గోడయో మంచమో అందుబాటులో ఉండగా చేయవలెను.

ఇపుడు మొదట చెప్పిన మాటకు తిరిగి వత్తము. కళ్లు చీకట్లు కమ్ముట, తల గిర్రున తిరుగుట, దిమ్ముగా ఉండుట, తూలుట. నాలుగు మాటలు, నాలుగు దారులు. ఇవి పండితులు కూర్చిన పదములు కావు. మన అమ్మలు, అమ్మమ్మలు ఇంటిలో వాడినవి. హిందీ ఆసుపత్రిలో ఈ నాలుగును "చక్కర్" అను ఒక్క మాటలో కలిసిపోవును. హిందీ పేదదని నా అభిప్రాయము కాదు. పరభాషలో మాటాడు రోగికి తెలిసినది ఆ ఒక్క మాటయే అగుట నా బాధ. కిష్టారమునుండి జగదల్‌పూరు పోయిన దోర్ల వృద్ధునకును, ఉద్యోగరీత్యా ఉత్తరదేశమున ఉన్న కొడుకు ఇంటికి వచ్చి అచ్చటి ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించుకొను మన తల్లికిని ఈ విషయమున తేడా లేదు. ఇద్దరి మాటయు దారిలో తరుగును.

కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనము దేశమున నలుమూలల పనిచేయుచున్నాము. మనకు రెండు మూడు భాషలు వచ్చును. కావున ఈ సంఘ సభ్యులను నేను కోరునది ధనము కాదు. మీ ఇంటనో, మీ కాలనీలోనో, మీరు పనిచేయు సరిహద్దు ప్రాంతముననో డయాలిసిస్ రోగి ఉన్నచో, ఒక కాగితముపై అయిదు సంగతులు వ్రాసి యిండు. బాధను రోగి ఏ మాటతో చెప్పెను; అది పడుకొన్నప్పుడా, లేచినప్పుడా, చీకటిలోనా వచ్చినది; ఎంతసేపు ఉన్నది; చెవిలో హోరు గాని వినికిడి తగ్గుట గాని ఉన్నదా; ఈ మధ్య ఏ ఇంజెక్షనులు పడినవి. రోగి మాటను తెలుగులోనే వ్రాసి, ప్రక్కన దాని అర్థము వైద్యుని భాషలో వ్రాయుడు. వీలైనచో ఒకసారి అతని వెంట పోయి, వైద్యుని ఎదుట నాలుగడుగులు నడిపించి చూపుడు. ఒక గంట పని. ఒక తుంటి ఎముక నిలిచినచో, ఒక తల పగులక మిగిలినచో, ఆ గంట వ్యర్థము కాదు.

భాషాసేవ అనగా గ్రంథములు ముద్రించుటయే అని మనము తలంచుదుము. తెలుగు మాట పలికిన రోగి బాధ తెలుగు తెలియని వైద్యునకు ఉన్నది ఉన్నట్లు చేరవేయుట కూడ భాషాసేవయే అని నా విన్నపము.